కన్సల్టెన్సీలో రిక్రూటర్ పని: ఉద్యోగమా, దళారీ యాపారమా?

టవర్‌క్లాక్ వీధి, అనంతపురం

అన్నలూ, అక్కలూ, మా ఇంట్లో వారం రోజులుగా ఒక పంచాయితీ నడుస్తాంది. మీరే తెంపాల.

నేను బీకాం కంప్యూటర్స్, 2024లో అయిపోయింది. అప్పటి నుంచి బ్యాంకు పరీక్షలు. ప్రిలిమ్స్ గట్టెక్కుతా, మెయిన్స్ కాడ బోర్లా పడతా. ఇప్పుడు మన ఊర్లోనే అమెరికా స్టాఫింగ్, అంటే అక్కడి కంపెనీలకు మనుషుల్ని వెతికి పెట్టే పని, చేసే ఒక చిన్న కంపెనీలో ఆఫర్ వచ్చింది. మేడ మీద రెండు గదులు, పాతిక మంది ఉంటారంట. పోస్టు పేరు యూఎస్ ఐటీ రిక్రూటర్. రాత్రి ఎనిమిది నుంచి తెల్లారుజామున ఐదు దాకా. మొదటి ఆర్నెల్లు 14 వేలు, తర్వాత ఇన్సెంటివ్ ఉంటుందన్నారు.

మా నాయన ఒప్పుకోడు. "మనుషుల్ని చూపిచ్చి కమీషన్ తినేది ఒక పనా? దళారీకైనా గోతాం ఉంటాది, నీకేముంది?" అంటాడు. శెనక్కాయలు ఏసుకోని ముప్పై ఏళ్లు యార్డు చుట్టూ తిరిగిన మనిషి, ఆయన కోపం ఆయనది. మా అక్క బెంగళూరులో ఉంటుంది. "ఇంట్లో కూర్చోని మూడో ఏడు కూడా నోటిఫికేషన్లు చూసేదానికన్నా చేరు, కనీసం ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడేది వస్తాది" అంటుంది.

చేసినవాళ్లు చెప్పండి. చేయనివాళ్లు కూడా చెప్పొచ్చు, కాకపోతే చేయలేదని ముందే రాయండి.

ఉగ్గాని బజ్జి, గుంతకల్లు

చేయలేదు. అయినా చెప్తా. 14 వేలకు రాత్రంతా మేలుకొని ఎవరికో ఉద్యోగం ఇప్పిచ్చేదానికి, నీకు ఉద్యోగం లేకపోవడమే నయం గదప్పా.

సి క్యాంపు రాత్రులు, కర్నూలు

మూడేళ్లు చేసినాను. హైదరాబాద్‌లో రెండేళ్లు, కర్నూలులో ఇంటి నుంచి ఒక ఏడాది. పంచాయితీ తర్వాత చేసుకుందాం. ముందు ఒక రాత్రి ఎట్లుంటుందో చెప్తా.

చలికాలం ఎనిమిదింటికి కూర్చుంటాం. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు పొద్దున తొమ్మిదిన్నర. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు తిప్పుకుంటారు, ఆ మరుసటి రోజు నుంచి మనం ఏడింటికే కూర్చోవాల. నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. ఉగాదికి లీవు అడుక్కోవాల. నవంబర్‌లో వాళ్ల థ్యాంక్స్‌గివింగ్‌కి మాత్రం మనకు తీరిగ్గా సెలవు. మా అమ్మ దానికి 'వాళ్ల సంక్రాంతి' అని పేరు పెట్టింది.

ఎనిమిదీ ఇరవైకి ఒక రిక్వైర్‌మెంట్ పడుతుంది. జావా డెవలపర్, ఎనిమిదేళ్ల అనుభవం, షార్లెట్ నగరం, వారంలో మూడు రోజులు ఆఫీసుకు రావాల, గంటకు ఇంత రేటు. ఇదే రిక్వైర్‌మెంట్ అదే నిమిషంలో ఇంకో ముప్పై నలభై వెండర్లకు, అంటే మాలాంటి స్టాఫింగ్ కంపెనీలకు, పడి ఉంటుంది. పోర్టల్లో ఒక్కో వెండర్ రెండో మూడో ప్రొఫైళ్లకు మించి పెట్టకూడదు, సరిపడా వచ్చినాయనుకుంటే క్లయింట్, అంటే మనిషి కావాల్సిన కంపెనీ, మూసేస్తాడు. కాబట్టి మంచి మనిషిని పట్టేది తర్వాత, ముందు ఎవరో ఒకరిని పట్టాల. జాబ్ పోర్టళ్లలో బూలియన్ స్ట్రింగ్ కొట్టి వెతుకుతాం. 'జావా' ఉండాల, 'స్ప్రింగ్ బూట్' ఉండాల, 'టెస్టర్' ఉండకూడదు, ఇట్లా. వచ్చిన నంబర్లన్నిటికీ వరసగా ఫోన్లు. అరవై కొడితే నలభై ఎత్తరు. పది మంది పని దొరికిందంటారు. ఐదుగురు రేటు విని నవ్వుతారు. ఇద్దరు బండి నడుపుతుంటారు. మిగిలినవాళ్లలో ఒకడు సరే అంటాడు.

సరే అన్నాక అసలు కథ. ఫలానా రేటుకు ఫలానా ఉద్యోగానికి నన్ను మీరే పంపొచ్చు అని అతని దగ్గర మెయిల్ తీసుకోవాల. దాన్ని ఆర్‌టీఆర్ అంటాం. వీసా కాపీ, పుట్టిన రోజు, నెల, అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబర్లో చివరి నాలుగంకెలు. ఇవన్నీ అడిగేసరికి సగం మంది అనుమానంగా పెట్టేస్తారు, వాళ్లదీ తప్పు లేదు. అన్నీ ఇచ్చినవాడు ఇంకో వెండర్‌కు కూడా మెయిల్ ఇచ్చి ఉంటే క్లయింట్ దగ్గర ఒకే మనిషి రెండు చోట్ల నుంచి కనపడతాడు. అప్పుడు ఇద్దరినీ పక్కన పడేస్తారు. రాత్రి పన్నెండుకు మనం చేసిన పని మొత్తం గంగపాలు. లేచి టీ పెట్టుకోని మళ్లీ మొదలు.

ఫోన్లో నా పేరు కెవిన్. ఒకరోజు మా అమ్మ నీళ్లు తాగను లేచి, "హాయ్, దిస్ ఈజ్ కెవిన్" అంటుంటే తలుపు కాడ నిలబడి విన్నది. ఫోన్ పెట్టేసినాక అడిగింది, "ఎవర్రా వాడు, మనింట్లోకి యా దావన వచ్చినాడు?" నవ్వినాను గానీ ఆ రాత్రి మళ్లీ కెవిన్ అనేదానికి నోరు తిరగలేదు.

మొదటి క్లోజర్ నాలుగో నెలలో వచ్చింది. నేను పంపిన మనిషి ఉద్యోగంలో చేరినాడు. మా కంపెనీకి గంటకు ఐదు డాలర్లు మిగిలేటట్టు రేటు కుదిరింది. నెలకు 160 గంటలు లెక్కేసుకుంటే 800 డాలర్లు, అతను అక్కడ ఉన్నన్నాళ్లూ. నాకు ఇచ్చింది ఒక్కసారి ఐదు వేల రూపాయలు, అది కూడా అతను నెల పూర్తి చేసినాక. ఇదీ పని. ఏం పేరు పెట్టుకుంటారో మీ ఇష్టం.

సుగ్గి బండి, ఆదోని

పేరు నేను పెడతా. ఆ ఉద్యోగం చేయలేదు, కాని దాని పెద్దన్నను చూస్తా పెరిగినాను.

మా పక్క కోసిగి, కౌతాళం ఊర్లల్లో సంక్రాంతి దాటినాక ఇండ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి పోతారు. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి. పిల్లోళ్లు, కోళ్లు, వంట సామాను అన్నీ బండ్లల్లోనే. ముసలోళ్లు మాత్రం ఊర్లో ఉంటారు. ఈ వారమే మా వీధి నుంచి రెండు బండ్లు లేచినాయి. బండికి ఒక మేస్త్రీ. అక్కడి రైతుతో మాట్లాడేది ఆయనే, అడ్వాన్సు తెచ్చి ఇచ్చేది ఆయనే, తలకింత అని కమీషన్ తీసుకునేదీ ఆయనే. కాయ కోసే ఆడమనిషికి రైతు ఎంత ఒప్పుకున్నాడో తెలీదు. మేస్త్రీ చెప్పిందే రేటు.

కెవిన్ అన్న చెప్పిన కథలో బండి బదులు పోర్టల్, మిరపకాయ బదులు జావా. తేడా నాకేం కనపడలా. ఇప్పుడు నువ్వు చేరేది మేస్త్రీగా కూడా కాదు తమ్ముడూ, మేస్త్రీ కింద ఊర్లో తలలు లెక్కపెట్టే పిల్లోడిగా.

మస్టర్ పుస్తకం, పెనుకొండ

సుగ్గి బండి అన్నకు ఒక దండం. చెప్పింది బాగుంది, సగమే నిజం. మిగతా సగం లెక్కలో ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

నాది అమెరికా స్టాఫింగ్ కాదు, లోకల్. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ నడక మొదలైనాక చుట్టూ విడిభాగాల యూనిట్లు వచ్చినాయి గదా, అట్లాంటి వాటికి మనుషుల్ని ఇచ్చే కాంట్రాక్టు కంపెనీలో ఆరేళ్లుగా ఉన్నా. ఐటీఐ పిల్లోళ్లు, డిప్లొమా వాళ్లు, ఇంటర్ తప్పినవాళ్లు. హిందూపురం, కదిరి, ధర్మవరం, మడకశిర పల్లెల నుంచి పొద్దున నాలుగున్నరకే బస్సు పాయింట్ కాడ నిలబడతారు.

ఒక హెల్పర్ జీతం 13,000 అనుకుందాం, అంతా బేసిక్కే అనుకుందాం లెక్క తేలిగ్గా ఉంటుంది. అందులో పీఎఫ్ 12 శాతం, 1,560 కోత. ఈఎస్ఐ 0.75 శాతం, 98 కోత. చేతికొచ్చేది 11,342. అక్కడి నుంచి పిల్లోడికి కడుపు మంట.

ఇటు పక్క చూడండి. యజమాని వాటా పీఎఫ్, దాని తోకలతో కలిపి 13 శాతం, 1,690. ఈఎస్ఐ 3.25 శాతం, 423. అయింది 15,113. దాని మీద మా సర్వీస్ చార్జి 5 శాతం అనుకోండి, 756. మొత్తం 15,869. దాని మీద జీఎస్టీ 18 శాతం, 2,856. ఫ్యాక్టరీకి మేం ఇచ్చే బిల్లు 18,725. పిల్లోడు ఎవరో అకౌంట్స్ వాళ్ల దగ్గర ఈ బిల్లు చూస్తాడు. "నా మీద 18 వేల ఏడొందలు తీసుకోని నాకు 11 ఇస్తారా, ఏడు వేలు మింగినారు" అంటాడు. ఏడు వేలల్లో మాకు మిగిలేది 756. ఇంకా బోనస్ 8.33 శాతం ఉంది, దాన్ని ఇందులో కలపలేదు.

ఇదయినా సాఫీగా వస్తుందా? జీతాలు వచ్చే నెల ఏడో తేదీ లోపల పడాల, చట్టం. పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు పదిహేనో తేదీ. ఫ్యాక్టరీ మా బిల్లు కట్టేది నలభై ఐదు రోజులకు, కొందరు అరవైకి. రెండొందల మంది ఉంటే నెలకు 30 లక్షలు మా చేతి నుంచి ముందే పోతాయి. రెండు నెలలకు 60 లక్షలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటాయి. నూటికి రూపాయి వడ్డీ అయినా నెలకు 60 వేలు. మాకొచ్చే 756ను రెండొందలతో హెచ్చవేయండి, లక్షా యాభై ఒక వెయ్యి. వడ్డీ పోను మిగిలిన దాంట్లో ఆఫీసు అద్దె, మా ముగ్గురి జీతాలు, లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగే పెట్రోలు.

మేస్త్రీ అన్నారు గదా, ఆ మాటకు నాకేం కోపం లేదు. మా పని కూడా మేస్త్రీ పనే. కాకపోతే రాత్రి రెండింటికి ప్రెస్ షాపులో ఒక పిల్లోనికి వేలు నలిగింది, ఈఎస్ఐ నంబరు ఇంకా జనరేట్ కాలేదు, ఆస్పత్రిలో డబ్బులు కట్టమంటున్నారు. అప్పుడు ఫోన్ వచ్చేది నాకే. ఫ్యాక్టరీ హెచ్ఆర్ పొద్దున తొమ్మిదిన్నరకు వస్తాడు.

నీలం బ్యాడ్జీ, హిందూపురం

నేను ఆ లెక్కలో 11,342 పక్కన ఉన్నవాణ్ణి. మీ దగ్గర కాదు, ఇంకో కాంట్రాక్టరు కింద.

మస్టర్ అన్నా, లెక్క ఒప్పుకుంటా. ఇన్నాళ్లకు ఒకరు లెక్క చెప్పినారు, సంతోషం. కాని నాలుగేళ్లు ఒకే లైను మీద, ఒకే మెషిన్ మీద పని చేసినా. బ్యాడ్జీ రంగు మాత్రం రెండుసార్లు మారింది. పచ్చ, పసుపు, ఇప్పుడు నీలం. కాంట్రాక్టరు మారినప్పుడల్లా నేను కొత్తగా చేరినట్టే. మధ్యలో పది పదిహేను రోజుల బ్రేకు, పాత వాళ్లు సెటిల్‌మెంట్ ఇయ్యరు, కొత్త వాళ్లు పాతది మాకు సంబంధం లేదంటారు. ఒక కాంట్రాక్టరు నా ఆధార్‌లో పేరు తప్పుందని ఇంకో యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, తీసినాడు. రెండు నంబర్లు కలిపేదానికి ఏడాది తిరిగినా.

నా పక్కన పర్మినెంట్ ఆయనకు అదే పనికి నా జీతం మీద ఇంకో జీతం. క్యాంటీన్‌లో ఆయన టేబుల్ వేరే. నాకు దళారీ మీద కోపం తక్కువే. నన్ను తన మనిషి కాదని చెప్పుకునేదానికి నీలాంటోణ్ణి మధ్యలో పెట్టుకున్న కంపెనీ మీదే ఎక్కువ.

పాత హెచ్ఆర్, అనంతపురం

నీలం బ్యాడ్జీ తమ్ముడికి రెండు ముక్కలు, పనికొస్తాయి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందరికీ నియామక పత్రం ఇవ్వాలి, అడిగి తీసుకో. ఫిక్స్‌డ్ టర్మ్ మీద నేరుగా తీసుకున్న వాళ్లకు ఐదేళ్లు కాదు, ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ లెక్కకొస్తుంది. నువ్వు కాంట్రాక్టరు పేరోల్ మీద ఉన్నావా, కంపెనీ ఫిక్స్‌డ్ టర్మ్ మీద ఉన్నావా అనేది ఆ కాగితంలోనే తేలుతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే ఫ్యాక్టరీ, కట్టి తీరాలి. ఈ మాట పాత 1970 చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. అయితే ఇంకో పక్క, కాంట్రాక్టరు లైసెన్సు పరిమితిని ఇరవై మంది నుంచి యాభైకి పెంచారు. నలభై ఐదు మందితో నడిపే చిన్న కాంట్రాక్టర్లు ఇప్పుడు ఆ గీతకు కింద ఉంటారు. ఈ సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

ఏడు రోడ్లు, కడప

ఏందబ్బా, అందరూ మర్యాదస్తులైన దళారీల గురించే మాట్లాడుతాండారు. మా దిక్కు రాండి. రాయచోటి, రాజంపేట పక్క ఏజెంట్ అంటే కువైట్ ఏజెంటే. మా మేనత్త పోయింది ఇంటిపనికి. ఏజెంటుకు లక్షకు పైన ఇచ్చినారు, అదీ వడ్డీకి తెచ్చి. రశీదు లేదు. ఆమె అక్కడ దిగినాక తెలిసింది, చెప్పిన ఇల్లు కాదు, చెప్పిన జీతం కాదు.

1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు మనిషి దగ్గర 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సర్వీస్ చార్జి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఇది మాకు ఎప్పుడు తెలిసింది? అంతా అయిపోయినాక.

కాబట్టి నా కొలబద్ద ఒకటే. డబ్బు ఎవురి దగ్గర తీసుకుంటాండారు? కంపెనీ దగ్గర తీసుకుంటే అది యాపారం, నీకు ఇష్టముంటే చెయ్. పని లేనోడి దగ్గర తీసుకుంటే అది ఇంకోటి. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, డాక్యుమెంట్ చార్జి, ఏ పేరు పెట్టినా సరే.

టవర్‌క్లాక్ వీధి, అనంతపురం

ఏడు రోడ్లు అన్నా, ఈ కంపెనీ నా దగ్గర డబ్బులు అడగలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం జమ చేయమన్నారు, ఏడాది బాండ్ అంట. అది మామూలేనా?

సి క్యాంపు రాత్రులు, కర్నూలు

ఇయ్యద్దు. జిరాక్సు ఇయ్యి, ఒరిజినల్ చూపిచ్చి వెనక్కి తెచ్చుకో. నావి రెండేళ్లు వాళ్ల బీరువాలో ఉన్నాయి. బయటికొచ్చేటప్పుడు డిగ్రీ మెమో కోసం పదకొండుసార్లు తిరిగినా.

రాత్రి క్యాబు, కడప

ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా. నేను రెండేళ్లు చేశాను, బెంగళూరులో ఒక పెద్ద స్టాఫింగ్ కంపెనీలో. రాత్రి పనిలో పెట్టుకుంటే ఇంటి నుంచి బండి, మళ్లీ ఇంటి దాకా బండి ఇవ్వాలి, నా సమ్మతి కాగితం మీద ఉండాలి. అక్కడ అన్నీ ఉన్నాయి. క్యాబు ఎప్పుడూ లేటు, కానీ ఉంది. మన ఊర్లలో మేడ మీది ఆఫీసుల్లో ఉందా అని అడగండి. పాతిక మందిలో ఆడవాళ్లు ఎంతమంది అని కూడా అడగండి. ఒక్కరూ లేరంటే ఎందుకు లేరో ఆలోచించండి.

ఇంకో సంగతి, ఇది కొంచెం పక్కదోవ. మా ఇంటికి సంబంధం వచ్చినప్పుడు వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "రాత్రిపూట మగవాళ్లతో ఫోన్లో మాట్లాడే పనంట కదా?" అని. అమెరికాలో అప్పుడు పట్టపగలు అని మా అమ్మ వివరించబోయింది. ఆ సంబంధం అక్కడితో సరి.

అయినా ఆ పని నాకు నేర్పింది చాలా ఉంది. పరాయి మనిషి గొంతు విని ముప్పై సెకండ్లలో నిజం చెబుతున్నాడా లేదా పసిగట్టడం అక్కడే వచ్చింది. ఇప్పుడు ఒక ఉత్పత్తి కంపెనీలో హెచ్ఆర్‌లో ఉన్నాను, పగటి ఉద్యోగం. స్టాఫింగ్ చేయకుండా నేరుగా నాకు ఈ సీటు వచ్చేది కాదు. ఎంబీఏ లేదు నాకు.

మార్జిన్, హైదరాబాద్ (పుట్టింది తాడిపత్రి)

తొమ్మిదేళ్లుగా ఇదే రంగం, ఇప్పుడు టీమ్ లీడ్. కాస్త ఎదురు మాట్లాడతా, తిట్టుకోండి.

అందరూ దళారీ అనగానే తప్పు అనే అర్థంలోనే వాడుతున్నారు. ఇల్లు కొనాలంటే మధ్యలో మనిషి, పెళ్లికి పేరయ్య, పశువులు కొనాలంటే సంతలో చేతి మీద తుండుగుడ్డ కప్పి బేరం చేసే మనిషి. కొనేవాడికి అమ్మేవాడు తెలియనప్పుడు మధ్యలో ఒకడు వస్తాడు, తన కూలి తీసుకుంటాడు. అందులో పాపమేముంది? షార్లెట్‌లో ఉన్న మేనేజర్‌కు డల్లాస్‌లో ఖాళీగా కూర్చున్న నెల్లూరు కుర్రాడు ఎట్లా తెలుస్తాడు?

పిల్లలు ఈ పనిలో ఎందుకు నిలబడరో చెబుతా. వందసార్లు కాదనిపించుకోవడం ఎవరికీ నచ్చదు. నా టీమ్‌లో చేరిన పదిమందిలో ఏడాదికి ముగ్గురో నలుగురో మిగులుతారు. మిగిలినవాళ్లు బాగానే సంపాదిస్తారు. రాత్రి నిద్ర పాడవుతుంది, బీపీ వస్తుంది, నాకు వచ్చింది, దాచను. కాని బీకాం చదివిన తాడిపత్రి కుర్రాణ్ణి, నాకు ఇంగ్లీషులో రెండు వాక్యాలు రావు అప్పట్లో. ఇప్పుడు అమెరికా మేనేజర్‌తో రేటు దగ్గర గంట సేపు పోట్లాడతా. ఇది ఏ కోచింగ్ సెంటర్ నేర్పింది?

ఇప్పుడు చేరేవాళ్లు ఒకటి గమనించాలి. 2025 సెప్టెంబర్‌లో అమెరికా బయటి వాళ్లకు వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. మా క్లయింట్లు అప్పటి నుంచి అక్కడే ఉన్నవాళ్లనే అడుగుతున్నారు. గ్రీన్ కార్డు, సిటిజన్, హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలకు వచ్చే హెచ్-4 వర్క్ పర్మిట్. చిన్న కంపెనీల బెంచీలు, అంటే పని దొరికేదాకా వాళ్ల దగ్గర ఖాళీగా ఉండే మనుషుల పట్టీలు, సన్నబడుతున్నాయి. చేరేముందు మీ కంపెనీ బండి దేని మీద నడుస్తోందో కనుక్కోండి.

సుగ్గి బండి, ఆదోని

మార్జిన్ అన్నా, సంతలో తుండుగుడ్డ కింద బేరం ఎందుకు చేస్తారు? చుట్టూ ఉన్నోళ్లకు రేటు తెలియకూడదని. ఎద్దుకు ఎట్లాగూ తెలీదు.

మార్జిన్, హైదరాబాద్

ఆ మాట గట్టిగా తగిలింది. ఒప్పుకుంటున్నా.

సి క్యాంపు రాత్రులు, కర్నూలు

మొదటి పోస్టులో ఒకటి దాచినా. మార్జిన్ అన్న బెంచీ అన్నాడు కాబట్టి చెప్తా.

రిక్రూటర్ పని వేరు, బెంచ్ సేల్స్ వేరు. రిక్రూటర్ ఉద్యోగానికి మనిషిని వెతుకుతాడు. బెంచ్ సేల్స్ వాడు తన కంపెనీ దగ్గర ఖాళీగా ఉన్న మనుషులకు ఉద్యోగం వెతుకుతాడు. ప్రతిరోజూ హాట్‌లిస్ట్ అని ఒక పట్టీ, వాళ్ల పేర్లు, స్కిల్లు, ఊరు, వేల మంది వెండర్లకు మెయిల్ కొడతాం. చిన్న ఆఫీసుల్లో రెండూ ఒకే మనిషి చేస్తాడు. నీకు రిక్రూటర్ అని చెప్పినా మూడో నెలలో హాట్‌లిస్ట్ చేతిలో పెడతారు, రాసి పెట్టుకో.

ఆ బెంచీ మీద ఎక్కువమంది ఎమ్మెస్ అయిపోయిన పిల్లోళ్లు. చదువు అయినాక ఓపీటీ అని స్టూడెంట్లకు ఇచ్చే పని అనుమతి మీద పన్నెండు నెలలు పని చేసుకోవచ్చు, టెక్నికల్ చదువైతే ఇంకో ఇరవై నాలుగు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి పని లేకుండా ఉంటే వీసా హోదాకే ఎసరు. ఒక పిల్లోడు, మన జిల్లావాడే, ఊరి పేరు చెప్పను, డెబ్బై రోజులు దాటింది. మా మేనేజర్ అతని రెజ్యూమెలో ఆరేళ్ల అనుభవం రాయమన్నాడు. అతని వయసు ఇరవై నాలుగు. రాసింది నేను. ఇండియాలో ఫలానా బ్యాంకు ప్రాజెక్టు, ఫలానా ఇన్సూరెన్స్ ప్రాజెక్టు అని నా చేత్తో టైపు చేసినా. అతను చదివి "అన్నా, ఈ బ్యాంకు ఎక్కడుంటుంది?" అని అడిగినాడు.

ఇంటర్వ్యూ ఇంకొకరు ఇచ్చినారు, తెర వెనక. చేరినాడు. పద్దెనిమిది రోజులకు తీసేసినారు. నాకు ఇన్సెంటివ్ రాలేదు, నెల నిండలేదు గదా. ఆ తర్వాత అతని నుంచి ఒక్క ఫోన్ లేదు. వాళ్ల నాయన మాత్రం ఒకసారి చేసినాడు, తెలుగులో, కెవిన్ గారు ఉన్నారా అని.

పెట్టేసినా. ఆ నెలాఖరుకు మానేసినా.

మోడరేటర్

కంపెనీ పేర్లు, మనుషుల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాం. పేరు లేకుండా అనుభవం రాయండి.

పాత హెచ్ఆర్, అనంతపురం

కెవిన్ చెప్పింది చదివాక ఒక మాట. టవర్‌క్లాక్ తమ్ముడూ, చేరాలనుకుంటే పోయి నేరుగా అడుగు: బెంచ్ సేల్స్ ఉందా, రెజ్యూమె ఎవరు రాస్తారు, నా జీతం మీద పీఎఫ్ కడతారా. మూడో ప్రశ్నకు నీళ్లు నమిలితే మొదటి రెండూ అడగాల్సిన పని లేదు.

ఉగ్గాని బజ్జి, గుంతకల్లు

నేను మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడు ఏమనాలో తెలీలేదు. మస్టర్ అన్న దగ్గర ఏమన్నా ఖాళీ ఉందా?

మస్టర్ పుస్తకం, పెనుకొండ

ఉంది. టైమ్ ఆఫీసులో. 15 వేలు, పగటి పని, పొద్దున ఐదున్నరకు బస్సు. ప్రైవేట్ మెసేజ్ పెట్టు. సర్వీస్ చార్జి తీసుకోను.

టవర్‌క్లాక్ వీధి, అనంతపురం

అందరికీ ఒకే జవాబు, ఆలస్యమైంది.

నిన్న ఆ ఆఫీసుకు పోయినా. సర్టిఫికెట్ల గురించి గట్టిగా అంటే జిరాక్సు చాలన్నారు, అంత తేలిగ్గా ఒప్పుకుంటారని అనుకోలా. బాండ్ ఆర్నెల్లకు దించినారు. పీఎఫ్ ఉందన్నారు, ప్రొబేషన్ అయినాక అన్నారు. చేరిన రోజు నుంచి కట్టాల కదా అంటే మేనేజర్ నవ్వి చూస్తాంలే అన్నాడు. బెంచ్ సేల్స్ ఉందా అని అడిగితే, "నీకెవరు చెప్పినారు?" అన్నాడు.

రాత్రి మా నాయనకు మస్టర్ అన్న లెక్క మొత్తం పేపరు మీద ఏసి చూపిచ్చినా. 11,342 నుంచి 18,725 దాకా. చానాసేపు చూసినాడు. అన్నీ విని ఒకటే అడిగినాడు. "యార్డులో దళారీ ఎంత దొంగోడైనా తక్‌పట్టీ రాసిస్తాడు. తూకం ఇంత, హమాలీ ఇంత, కమీషన్ ఇంత అని. మీరు ఆ అమెరికా పిల్లోనికి రాసిస్తారా, నీ పేరు మీద ఇంత వచ్చింది, మేం ఇంత పట్టుకున్నాం అని?"

కెవిన్ అన్నా, రాసిస్తారా?

సి క్యాంపు రాత్రులు, కర్నూలు

మా దగ్గర రాసియ్యలేదు. క్లయింట్ రేటు నాక్కూడా చెప్పేవాళ్లు కాదు. ఆ ఐదు డాలర్లు నేను మేనేజర్ స్క్రీన్ మీద పొరపాటున చూసింది.

మస్టర్ పుస్తకం, పెనుకొండ

మేమూ ఇయ్యం. పేస్లిప్‌లో కోత వరకే ఉంటుంది. పై లెక్క ఉండదు. మీ నాయన అడిగింది రేపు మా ఓనర్‌ను అడుగుతా, ఏమంటాడో చూద్దాం.

టవర్‌క్లాక్ వీధి, అనంతపురం

సరే. సోమవారం రాత్రి ఎనిమిదింటికి రమ్మన్నారు. పోతా, నెల రోజులు చూస్తా. మా నాయన అవుననలేదు, కాదనలేదు. మా అమ్మ ఫ్లాస్కు కడిగి పెట్టింది.

ఇందాకే మెసేజ్ వచ్చింది, ఐడీ కార్డు కోసం ఫోటో పంపమని. కింద ఇంకో ప్రశ్న: ఫోన్లో ఏం పేరు పెట్టుకుంటావు? ఇంకా జవాబు ఇయ్యలా.